కాకరకాయ వరుస

ఆదోని శివారు పేటలోని చిన్న బడికి ఆ పొద్దు అధికారి తనిఖీకి వస్తున్నాడు. సైమా టీచర్ కొత్తగా చేరింది. తొలి తనిఖీలోనే మాటపడితే ఇక తలెత్తుకోలేదు. బార్ గ్రాఫ్ పాఠానికి చార్టెందుకని, పిల్లలందరినీ ఒక్కో ఖాళీ బిందె తెమ్మంది. ఆవరణలో ముగ్గుపిండితో అడ్డగీత గీసి, దాని కింద గుడ్డు, పప్పు, వంకాయ, కాకరకాయ అని రాసింది. ఎవరికిష్టమైన కూర దగ్గర వాళ్ళు బిందె పెట్టాలి. గుడ్డు వరుస గోడదాకా పాకింది. కాకరకాయ దగ్గర సుధ బిందె ఒక్కటే ఉంది, అదీ కాకరకాయలమ్మే వాళ్ళమ్మ గంగమ్మకు భయపడి.

అప్పుడే గేటు ముందు నుంచి బుట్టతో పోతున్న గంగమ్మ, ఆ బిందెలు చూసి ఆగిపోయింది. నీళ్ళ ట్యాంకర్ మొహం చూసి వారం దాటిన పేట అది.

"ఒసే మద్దమ్మా! బడి కాడికి ట్యాంకర్ వస్తాదంట, అప్పుడే వరుసలు పెట్టేసినారు!"

పేటంతా బిందెలతో దిగిపోయింది. పొట్టి వరుస ఖాళీగా ఉంటే పొడుగు వరుసలో ఎవరు పెడతారు? అందరూ కాకరకాయ దగ్గరే పెట్టారు.

"ట్యాంకర్ రాదమ్మా, ఇది లెక్కల పాఠం!" అని సైమా గొంతు చించుకుంది.

"మేమూ లెక్క ప్రకారమే పెడతాండాం గదా టీచరమ్మా" అంది గంగమ్మ పక్కింటి మద్దమ్మ, ఏకంగా డ్రమ్ము దొర్లించుకొస్తూ.

సైమాకు ఏడుపొక్కటే తక్కువ. కనీసం గ్రాఫైనా చెడకూడదనుకుంది. "డ్రమ్ము కుదరదు! అన్నీ ఒకే వెడల్పుండాల! అన్నీ ఈ గీత కాడ్నుంచే మొదలు! వరుసకీ వరుసకీ నడుమ సందు సమానంగా ఉండాల! మనిషికి ఒకటే బిందె!"

అబ్బ! ఇంత న్యాయమైన మాట ఆ ఆడవాళ్ళు ఏ ట్యాంకర్ దగ్గరా విని ఎరగరు. మద్దమ్మ డ్రమ్ము వెనక్కి దొర్లించుకుపోయి బిందె తెచ్చుకుంది. ఒక్క తిట్టు లేదు, తోపులాట లేదు. చూస్తుండగానే రంగురంగుల బిందెలు బారులు తీరాయి. పుస్తకంలోని బొమ్మ అంత పెద్దదై నేల మీదికి దిగొచ్చినట్టుంటే, సైమా ఏడుపు సంగతే మరిచిపోయింది.

లోపలికొచ్చిన అధికారి కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది?" అని ఎదురుగా ఉన్న గంగమ్మను అడిగాడు.

"అన్నీ ఒక గీత కాడ మొదలు సార్. వెడల్పొకటే, సందొకటే. ఏది పొడుగో చూస్తానే తెలిసిపోతాది, కొట్లాడే పనే లేదు" అంది గంగమ్మ.

"పేట పేటంతా బార్ గ్రాఫ్ నేర్చేసుకుందే!" ఆయన మురిసిపోయాడు. వంగి పేర్లు చదివాడు. "కాకరకాయంటే ఇంత ప్రాణమా! మధ్యాహ్న భోజనంలో పెట్టించకపోతే పాపం తగులుతుంది."

సైమా నిజం చెబుదామని నోరు తెరిచింది. ఆయన అప్పటికే 'అత్యుత్తమం' అని రాస్తున్నాడు. తెరిచిన నోరు మూసుకుంది.

పేటకు ట్యాంకర్ ఇంకా రాలేదు గానీ, బడికి కాకరకాయలు మాత్రం ప్రతి మంగళవారం గంగమ్మ బుట్టలో తప్పకుండా వస్తున్నాయి.