కుట్టేసిన ఆఖరి అధ్యాయం

ఆ రోజు దారాలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్న పనికి వెళ్లాలి, సగం పూట సెలవు అడగాలి, నాలుగు గంటల బస్సుకి కూతుర్ని సాగనంపాలి. ఈ మూడు పనుల కోసం ఆమె గడియారాన్ని ఏడుసార్లు చూసింది, కూతురు సర్దుకున్న సంచిని విప్పి మళ్లీ సర్దింది.

"అమ్మా, ఏం వెతుకుతున్నావ్ అందులో?"

"దువ్వెన పెట్టుకున్నావో లేదో అని."

"మూడోసారి అడగడం ఇది. దువ్వెన లేకపోతే బస్సు ఎక్కనివ్వరా?"

ఎక్కనివ్వకపోతే ఎంత బాగుండునో అనుకుంది దారాలమ్మ. కూతురు కారు నడపగలదు, వ్యాను నడపగలదు, లైసెన్సూ ఉంది. కానీ ఈ ఊళ్లో అడిగిన ప్రతిచోటా "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ పని" అని మంచినీళ్లిచ్చి పంపేశారు. చివరికి పన్నెండు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఒక గిడ్డంగి వాళ్లు సరేనన్నారు.

దారాలమ్మ పని బడి యూనిఫాంలు కుట్టే గదిలో. మిషన్ల మీంచి వచ్చిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరిస్తుంది. బడి మొహం చూడని మనిషి. నమూనాలు కత్తిరించడానికి యజమానురాలి ఇంటినుంచి పాత కాగితాల కట్టలు వస్తుంటే, వాటిమీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. మూడు నెలల కిందట ఆ కట్టల్లో ఒక లావుపాటి నవల దొరికింది. పెళ్లాం పోయి, ఇద్దరు పిల్లలతో మిగిలిన ఒక పేద డ్రైవరు కథ అది. అదృష్టం అతని ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది, వచ్చి ప్రతిసారీ పక్కింటి తలుపు తడుతుంది. ఇంట్లో చదివినంత మేర మర్నాడు పొద్దున్నే పనిలో అందరికీ చెప్పడం ఆమెకు అలవాటు.

ఆమెకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఏ పుస్తకమైనా ఆఖరి అధ్యాయం చదవదు. చివర్లో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని విడిచి వెళ్లిపోతారని ఆమె అనుభవం. అందుకే పుస్తకం చేతికి రాగానే ఆ ఆఖరి పేజీల్ని సూదీ దారంతో కుట్టేస్తుంది.

కాజాలు కుట్టే ఆవిడ రోజూ కొడుకుని బడిలో దింపి అరగంట ఆలస్యంగా వస్తుంది. వచ్చేసరికి కథ సగంలో ఉంటుంది. అది పుస్తకంలోదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. వినేది, ముక్కు చీదుకునేది, మిషన్ తొక్కేది.

ఆ గదిలో సెలవు ఇవ్వడానికి కటింగ్ మాస్టరు ఒప్పుకునే కారణాలు రెండే: జ్వరం, చావు.

"మాస్టారూ, సగం పూట సెలవు..."

"జ్వరమా?"

"కాదు బాబూ."

"ఎవరైనా చనిపోయారా?"

"అయ్యో, లేదు!"

"మరింకేం? కూర్చో."

కాజాలావిడ మిషన్ ఆపి లేచి నిలబడింది. "మీకు గుండె ఉందా మాస్టారూ? ఆ డ్రైవరు సామాను నిన్న వీధిలో పడేశారు. ఇద్దరు పిల్లలతో వానలో నిలబడ్డాడు. ఈ పెద్దమ్మ తప్ప ఎవరున్నారు వాళ్లకి?"

"ఏ డ్రైవరు?"

"ఈవిడ తమ్ముడు!"

తమ్ముడనే చుట్టరికం పూర్తిగా కాజాలావిడ సొంత కుట్టు. గదిలో మిగతా నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకున్నట్టు ఊరుకున్నారు. ముసలమ్మకి సెలవు దొరుకుతుంటే అడ్డుపడటం దేనికని వాళ్ల ఉద్దేశం. మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని, "పన్నెండింటికి వెళ్లు" అన్నాడు.

అబద్ధం దారాలమ్మ నోట్లోంచి రాలేదు, ఒళ్లో వచ్చి పడింది. దులిపేసుకుంటే సెలవు కూడా దులిపేసుకున్నట్టే. పన్నెండయ్యాక చెబుదాంలే అనుకుంది.

పదకొండింటికల్లా కాజాలావిడ మిగులు గుడ్డతో రెండు గౌన్లు కుట్టేసింది. "పెద్దదానికి ఏడేళ్లు కదూ? పొడుగు సరిపోతుందా?"

"అమ్మాయ్, అసలు సంగతేంటంటే..."

"మొహమాటపడకు పెద్దమ్మా."

పదకొండున్నరకి మాస్టరు తన ఇంటినుంచి ఒక పరుపు తెప్పించాడు. సరిగ్గా పన్నెండింటికి దారాలమ్మ సంచి భుజాన వేసుకోగానే మెట్లమీద యజమానురాలి చెప్పుల చప్పుడైంది.

"మీ తమ్ముడి సంగతి మాస్టరు చెప్పాడమ్మా. నిన్ననే నా డ్రైవరు మానేశాడు. పదండి, అతన్ని చూసొద్దాం. ఇల్లెక్కడ?"

డ్రైవరు ఉండేది రెండువందల పద్నాలుగో పేజీలో. ఆ దారి ఎలా చెప్పాలో తెలియక, "దూరం మేడమ్" అంది దారాలమ్మ.

"పరవాలేదు."

"సందు ఇరుకు."

"నడుద్దాం."

"అతనికి... మనుషులంటే సిగ్గు."

"సిగ్గుపడే డ్రైవరే నయం. ముందరివాడు దారి పొడుగునా మాట్లాడేవాడు."

అలా ఒకటిన్నర అయింది. ఆ తర్వాత, పిల్లల్ని ఏ బడిలో చేర్చాలన్న విషయం మీద కాజాలావిడకీ మాస్టరుకీ గొడవ మొదలై రెండున్నరయింది. గోడ గడియారం ముల్లు కదిలినప్పుడల్లా దారాలమ్మకి కూతురి సంచి ఒక్కో అడుగు దూరం జరిగినట్టుంది. మూడింటికి ఇక ఓర్చుకోలేక, సంచిలోంచి పుస్తకం లాగి బల్లమీద పెట్టింది.

"మా తమ్ముడు ఇందులో ఉన్నాడు మేడమ్. నాకు వేరే తమ్ముడు లేడు. చెప్పకపోవడం తప్పే. పని తీసేసినా సరే, నన్ను మాత్రం ఇప్పుడు వదిలెయ్యండి."

కాజాలావిడ గౌన్లు గుండెకి హత్తుకుంది. "అంటే... మూడు నెలలు ఊరికే ఏడ్చానా పెద్దమ్మా?"

"నేనూ ఏడ్చానే. తెలిసి కూడా ఏడ్చాను."

యజమానురాలు మాత్రం పుస్తకాన్నే చూస్తోంది. "ఇది నాదే! ఇంకొక్క అధ్యాయం ఉందనగా పోయింది. ఇల్లంతా గాలించాను." పేజీలు తిప్పబోయి, "ఈ కుట్లేంటి?" అంది.

"అవి విప్పకండి మేడమ్, విడిపోతారు."

యజమానురాలు ఆమె మొహంలోకి చూసింది. "ఇంతకీ మీకు సెలవెందుకు?"

"మా అమ్మాయి నాలుగింటి బస్సుకి వెళ్లిపోతోంది. ఎక్కడో బండి నడిపే పని. ఇక్కడెవరూ ఇవ్వలేదు."

"ఏం పని?" అంది యజమానురాలు, తను సరిగ్గా విన్నానా అన్నట్టు.

"డ్రైవరు పని."

అందరూ చొక్కాలు చేరవేసే వ్యానెక్కారు. పరుపు అప్పటికే అందులో ఉంది. కటింగ్ మాస్టరు బండి కూడా గుడ్డ కత్తిరించినట్టే నడుపుతాడు, సుద్దముక్కతో గీసిన గీత తప్పకూడదన్నట్టు. వెనకనుంచి సైకిళ్లు దాటిపోయాయి. వాళ్లు చేరేసరికి బస్సు కదులుతోంది. కాజాలావిడ దూకి, రెండు గౌన్లూ రెండు చేతులా జెండాల్లా ఊపుతూ బస్సుకి అడ్డం నిలబడింది.

కూతురు కంగారుగా దిగింది. "ఏమైందమ్మా? ఈ పరుపేంటి? వీళ్లంతా ఎవరు?"

దారాలమ్మ ముందు కూతురి చేతిలోని సంచి లాక్కుంది. యజమానురాలు ఆ పిల్లకి వ్యాను తాళాలు అందించింది. "ముందు మమ్మల్ని వెనక్కి తీసుకెళ్లమ్మా. మాస్టారు నడిపితే రేపటికి గానీ చేరం."

తిరిగి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. కూతురికి పని దొరికింది. గౌన్లు, పొడుగు సరిగ్గా సరిపోయి, కాజాలావిడ మేనకోడళ్లకి వెళ్లాయి. పుస్తకాన్ని యజమానురాలు ఇంటికి తీసుకెళ్లింది. తను చదివేసి ఇస్తానంది, కుట్లు విప్పడానికి చిన్న కత్తెర కూడా అడిగి పట్టుకెళ్లింది.

మూడో రోజున పుస్తకం తిరిగొచ్చింది. యజమానురాలి కళ్లు ఎర్రగా ఉన్నాయి. దాన్ని బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. దారాలమ్మ భయంభయంగా చివరి పేజీల వైపు తిప్పి చూసింది.

సూది పట్టడం కూడా రాని మనిషి, ఆఖరి అధ్యాయాన్ని ఈసారి రెండు వరసల్లో కుట్టేసింది.