కలువ మీద వేలిముద్ర

బొమ్మ వేసేవాడి చుట్టూ జనం మూగడం కన్నా కళకు గొప్ప వరం లేదని ఘంటాపథంగా చెబుతున్నాను! ఏకాంతం కావాలి, ప్రశాంతత కావాలి అని గునిసే ఆర్టిస్టులు ఒక్క ఆదివారం మా వడమాలపేట వైపు రండి. రోగం కుదురుతుంది.

డెబ్భై ఎనిమిదిలో తిరుపతిలో నా బొమ్మల ఎగ్జిబిషన్ పెట్టాను. మూడు రోజుల్లో వచ్చినవాళ్లు ఐదుగురు. వాళ్లలో ఇద్దరు వాన తగ్గేదాకా నిలబడ్డారు, ఒకాయన బాత్‌రూమ్ ఎక్కడని అడిగాడు. అదే వడమాలపేట దగ్గర పుత్తూరు రోడ్డు పక్కన కుంట గట్టు మీద స్టాండు వేసుకుంటే గంటలో నలభై మంది! రిబ్బన్ కత్తిరించే మంత్రి కూడా అక్కర్లేదు.

నాకు కావలసింది ఆ కుంటలోని తెల్లకలువలు. ఎండెక్కితే ముడుచుకుపోతాయి కాబట్టి మొదటి బస్సుకే దిగేవాణ్ని. మద్రాసు నుంచి తెప్పించిన యాక్రిలిక్ రంగులేమో మన ఎండకు రంగులు కలిపే పలక మీదే ఆరిపోతాయి. అందుకే కుంచె మానేసి, తాపీకి తమ్ముడిలాంటి చిన్న కత్తితో రంగు తీసి మందంగా అద్దుతాను.

అది చూసి గురప్ప అనే రైతు తేల్చేశాడు.

“ఈయన సర్వే ఆఫీసరప్పా! కుంటలో ఇండ్ల జాగాలు గీస్తా ఉండాడు.”

ఇంటిస్థలాలు ఇస్తారన్న మాట అప్పుడు ఊరంతా తిరుగుతోంది. పలక పెట్టుకుని గట్టున కూర్చున్నవాడు సర్వేయరు కాక మరేమవుతాడు? పచ్చరంగు కుంట, తెల్లమచ్చ ఒక్కోటి ఒక్కో ఇల్లు!

కాదని చెప్పబోయాను. ఈలోగా కుర్చీ వచ్చింది. గొడుగు వచ్చింది. టెంకాయ నీళ్లు వచ్చాయి. పాతికేళ్ల డ్రాయింగు మాస్టరు ఉద్యోగంలో ఏ హెడ్మాస్టరూ నన్ను ఒక్కసారి కూర్చోమనలేదండీ! వీళ్లు కళను గౌరవిస్తున్నారని నాకు నేనే నచ్చజెప్పుకుని టెంకాయ నీళ్లు తాగేశాను.

ఇక సలహాలకు కొదవేముంది? ఒకాయన తన పువ్వును రోడ్డు పక్కకు జరపమన్నాడు. దేవకమ్మ తన పువ్వు తోడికోడలి పువ్వుకు ఆమడ దూరంలో ఉండాలని పట్టుబట్టింది. ఎల్లప్పకు తూర్పు వాకిలి కావాలి. కలువకు తూర్పు వాకిలి పెట్టిన ఆర్టిస్టు ప్యారిస్‌లో ఉన్నాడా?

చివరికి కుప్పమ్మ వచ్చింది. కూలికి పోయే ముసలామె, ఎవరిదో గొడ్ల కొట్టంలో ఒక మూల కాపురం.

“ఓ మూల చిన్నది నాకూ రాయి సామీ. వాన పడితే తల దాచుకోను జాగా లేదు.”

గట్టు వార ఒక మొగ్గ అద్దాను. కత్తి తుడుచుకునేలోగా ఆమె ఆ తడిరంగు మీద బొటనవేలు గట్టిగా నొక్కింది. తనకు సంతకం రాదంది. అప్పుడైనా చెప్పాలి కదా? చెప్పలేదు. బొమ్మ చాలా బాగా వస్తోంది మరి!

రెండు నెలలు తిరక్కుండానే లారీలు కుంటలో మట్టి పోశాయి. ఇదేమిటని అడిగినవాళ్లకు ప్రెసిడెంటు దామోదరం, “ఆఫీసరొచ్చి గీసుకోని పోయినాడు గదబ్బా, మీరే టెంకాయలు కొట్టిచ్చినారు!” అన్నాడట. స్థలాలన్నీ ఆయన బావమరుదులకు, ఆ బావమరుదుల బావమరుదులకు వెళ్లాయి. ఇప్పుడక్కడ కలువలూ లేవు, నా చుట్టూ మూగిన నలభై మందిలో ఒక్కరి ఇల్లూ లేదు. నాకు మాత్రం మంచి బొమ్మ మిగిలింది. చూసినవాళ్లంతా ఆ మొగ్గ మీది గీతలు ఏ కత్తితో తెచ్చారు మాస్టారూ అని అడుగుతున్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పోయిన వారం కుప్పమ్మ తిరుపతిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తిట్టడానికేమోనని తలుపు సగమే తీశాను. ఆమె నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, బొమ్మలో తన వేలిముద్రను తడిమి చూసుకుంది.

“చెరిగిపోలేదు సామీ, నా జాగా భద్రంగానే ఉండాది,” అంది. “ఎప్పుడు పొమ్మంటావు ఆడికి?”