పసుపు పూసిన మెమరీ

టీ తాగుతూనే తుల్సీరాం ఆ రోజు పని తేల్చి చెప్పాడు. పాత కంప్యూటర్‌లో కొత్త మెమరీ వేయాలి. సాయంత్రానికి మనవరాలిని తన ఇంట్లో, తన తెర మీదే చూడాలి. ఇక భార్య పుష్ప పక్కింటి గడప తొక్కనక్కరలేదు.

పక్కిల్లు రూప్‌సింగ్‌ది. ఇద్దరూ మణుగూరు గనిలో కలిసి పనిచేసి, కలిసి రిటైరై, కారేపల్లి దగ్గరి తండాలో ఒకే గోడకు అటూ ఇటూ ఇళ్లు కట్టుకున్నారు. తుల్సీరాం కూతురు సంగీత నాగపూర్‌లో ఉంటుంది. ఫోన్‌లో పాప ముఖం గోరంత కనబడుతుందని పుష్పకు తృప్తి లేదు. ఇంట్లో కంప్యూటర్ సంగీత చదువుకునే రోజుల నాటిది. వీడియో పెడితే బొమ్మ బిగుసుకుపోతుంది. అందుకని ఆమె ఏడాదిగా రోజూ రూప్‌సింగ్ ఇంటికి వెళ్లి పెద్ద తెర మీద పాపను చూసి వస్తుంది. తుల్సీరాం వెళ్లడు. సొంత మనవరాలిని పరాయి ఇంట్లో కూర్చుని చూడడమేమిటని అతని వాదన.

ఆ పంతం బాగానే నడిచేది. కానీ మొన్న పుష్ప నవ్వుకుంటూ వచ్చింది.

"పాపకు మాటొచ్చింది. రూప్‌సింగన్నను చూసి 'తాత' అన్నది."

తుల్సీరాంకు ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడే ఖమ్మం వెళ్లి షుకూర్ దుకాణంలో మెమరీ కొన్నాడు. చిన్న దువ్వెనంత పచ్చ పలక, ఒక అంచుకు బంగారు రంగు పళ్లు. ఇప్పుడు దాన్ని బల్ల మీద పెట్టి పసుపు, కుంకుమ తెమ్మన్నాడు.

"దీనిక్కూడానా?" అంది పుష్ప.

"బోరు మోటరుకు పెట్టినం, కుక్కర్‌కు పెట్టినం. దీనికెందుకు పెట్టొద్దు? పక్కింటోని కండ్లు మంచియి కావు."

పుష్ప చిన్న చుక్క పెట్టబోయింది. అంత చెడ్డ కంటికి అంత చిన్న చుక్క చాలదనిపించింది అతనికి. గడపకు పూసినట్టు బంగారు అంచు పొడవునా తడి పసుపు తానే దట్టంగా పూసి, మీద కుంకుమ బొట్లు పెట్టాడు. ఆరాక, పాత పలక పీకి కొత్తది బిగించి స్విచ్ వేశాడు.

తెర నల్లగానే ఉంది. పెట్టెలోంచి మాత్రం కూ, కూ, కూ అని కూత మొదలైంది.

"ఏందది?"

"లోపల సర్దుకుంటున్నది."

సర్దుకోలేదు. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ కూసింది. పుష్ప విసుగు పుట్టి చేను దగ్గరికి వెళ్లిపోయింది. తుల్సీరాం షుకూర్‌కు ఫోన్ చేశాడు.

"ఏం మాల్ ఇచ్చినవ్ భాయ్? పెట్టంగనే ఏడుస్తున్నది."

"తీసి మళ్లా పెట్టుండ్రి సాబ్. కాకుంటే మీ పక్కన రూప్‌సింగ్ సాబ్ ఉన్నడు కదా. ఆయనకు మంచిగ తెలుసు."

తుల్సీరాంకు అంతా అర్థమైపోయింది. షుకూర్ కూడా వాడి మనిషే. పాడు సరుకు అంటగట్టించింది వాడే. ఈ కూత గోడ దాటితే ఇజ్జత్ పోతుందని కిటికీలు మూశాడు, పెట్టె మీద దుప్పటి కప్పాడు. అలాగే ఉంచితే అదే దారికొస్తుందేమోనని పక్కనే మంచం మీద వాలాడు.

మజ్జిగ కోసం వచ్చిన ఎదురింటి రామక్క తలుపు సందులోంచి చూసింది. చీకటి గది. మంచం మీద కదలని మనిషి. పక్కన దుప్పటి కిందినుంచి వైర్లు. కూ, కూ అని చప్పుడు. తమ్ముడికి జబ్బు చేసినప్పుడు పెద్ద దవాఖానాలో మిషన్ పక్కన ఆమె వారం రోజులు విన్న చప్పుడది. లోపలికి రాకుండానే వెనక్కి పరుగెత్తింది.

కాసేపటికి వాకిలి నిండింది. అరటిపండ్లు, కొబ్బరిబోండాలు వచ్చాయి. తన కంప్యూటర్ చెడిందని చూసి పోవడానికి రూప్‌సింగే వీళ్లను తోలాడనుకుని తుల్సీరాం గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మాట పడిపోయినట్టుంది" అన్నారెవరో.

రూప్‌సింగ్ చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. "బావా, నేను. గుర్తుపట్టినవా?"

"నిన్ను మరుస్తనా? నాకీ గతి నీ వల్లనే పట్టింది."

"మతి గిట్ల తప్పుతున్నది పాపం" అంది రామక్క. రూప్‌సింగ్ కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే చేను నుంచి వచ్చిన పుష్ప జనాన్ని తోసుకుని వెళ్లి దుప్పటి లాగింది. కంప్యూటర్ కూస్తూనే ఉంది. వాకిలంతా నవ్వులు. రూప్‌సింగ్ స్విచ్ ఆపి, పెట్టె విప్పి పలక బయటికి తీశాడు.

"బావా, దీనికి పెండ్లి గిట్ల చేసినవా?"

బంగారు అంచును పసుపు పోయేదాకా పెన్సిల్ రబ్బరుతో రుద్ది, తుడిచి మళ్లీ పెట్టాడు. తెర వెలిగింది. పరామర్శకు తెచ్చిన అరటిపండ్లు తలా ఒకటి తిని వెళ్లిపోయారు. రూప్‌సింగ్ బాగు చేశాడన్నది తప్ప తుల్సీరాంకు బాధ లేదు.

సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని తెర ముందు కూర్చున్నాడు. నాగపూర్‌లో ఎవరూ ఎత్తలేదు. ఎంతసేపటికో పుష్ప ఫోన్ మోగింది.

"అమ్మా, నాయినకెట్లుంది? మిషన్ పెట్టిండ్రని రూప్‌సింగ్ మామ ఫోన్ చేసిండు. పాపనెత్తుకుని రైలెక్కిన."

నవ్వుల్లో పడి రూప్‌సింగ్ మళ్లీ ఫోన్ చేయడం మరిచిపోయాడు.

మర్నాడు ఆటో దిగగానే సంగీత తండ్రిని పట్టుకుని ఏడ్చి, సంగతి విన్నాక తిట్టింది. తుల్సీరాం ఏదీ వినడం లేదు. "దా, తాత దగ్గరికి దా" అని చేతులు చాచాడు. పాప అతన్ని ఎన్నడూ చూసింది కాదు. గుక్కపట్టి ఏడ్చింది.

రూప్‌సింగ్ గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "నేను బుజ్జీ, తాతను." తుల్సీరాం చాచిన చేతులు దించలేదు. పాప ఆ ముఖాన్ని, దాని కింద కొత్తగా మొలిచిన కాళ్లను చూసి, ఇంకా గట్టిగా ఏడ్చింది.

సంగీత ఇంట్లోకి తెచ్చి కిందికి దింపింది. పాప ఇద్దరి మధ్యనుంచి పాకుతూ వెళ్లి, బల్ల కోడు పట్టుకుని నిలబడి, ఆపేసి ఉన్న తెర మీద అరచేత్తో తట్టింది.

"తాత" అంది, ఎంతో ప్రేమగా.

రూప్‌సింగ్ ముఖం మాడిపోయింది. ఏడాది కాలంలో తుల్సీరాంకు ఆ ముఖం నచ్చడం అదే మొదటిసారి.