రచయిత వెళ్ళొద్దన్నాడా?

కరకోల్ ఊరి బడిలో భూగోళం చెప్పే సగిన్ మాస్టారు పేరుకు తగ్గట్టు సగం మాట పైకి చెప్పి, సగం మింగే మనిషి. భార్య బురుల్ కాన్పుల ఆస్పత్రిలో మంత్రసాని. ఏడాదిపాటు స్కాట్లండ్‌లో పైచదువు చదివే అవకాశం ఆమెకొచ్చింది. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితే చాలు.

"మంచిదే," అన్నాడు సగిన్. వెళ్ళొద్దన్న మాట మింగేశాడు.

ఆ పరీక్షలో బురుల్‌కు కొరుకుడు పడనిది ఒక్కటే. ఒక వ్యాసమిచ్చి, కింద కొన్ని వాక్యాలు రాసి, ఇది రచయిత అభిప్రాయమేనా అని అడుగుతారు. అవును, కాదు, చెప్పలేదు అనే మూడింట్లో ఒకటి రాయాలి. బురుల్ ప్రతిసారీ తన అభిప్రాయం రాసి వచ్చేది. పిల్లల పెంపకం మీద ఎవరో పండితుడు రాస్తే, ఆయన ఏనాడైనా పిల్లాడి ముక్కు తుడిచాడా అని ఎదురడిగేది.

సగిన్‌కు అక్కడే ఉపాయం తట్టింది. అభ్యాసం నేను చేయిస్తానని ముందుకొచ్చాడు. నిఘంటువు ముందేసుకుని తానే ఇంగ్లీషులో ఒక వ్యాసం అల్లాడు. తల్లి దూరదేశం వెళ్ళిన ఇంట్లో రొట్టె మాడుతుంది, ఆవు తన్నుతుంది, తండ్రి బజారు తిండి తిని కడుపు పాడుచేసుకుంటాడు. ఆఖరి ప్రశ్న, భార్య వెళ్ళకూడదని రచయిత అభిప్రాయమా అని. అవునని బురుల్ తన చేత్తో తానే రాస్తే మనసు మెత్తబడుతుందని అతని ఆశ. పాత పుస్తకంలోదని చెప్పి చేతికిచ్చాడు.

బురుల్ రెండుసార్లు చదివింది. జవాబు తేలడం లేదు, సాయంత్రం ఇంగ్లీషు క్లాసులో అడుగుతానంది. వద్దన్న మాట ఈసారీ సగిన్ మింగేశాడు.

సాయంత్రం ఆమెను తీసుకురావడానికి వెళ్ళేసరికి క్లాసు రణరంగమైంది. పంతులమ్మ గుల్‌సరా వ్యాసాన్ని బోర్డుకెక్కించింది. ఈ రచయిత ఒట్టి సోమరి అని ఒక నర్సు, కాదు పాపం రోగిష్టి అని ఒక టాక్సీ డ్రైవరు. ఇలాంటివాడు మొగుడైతే నేను రెండేళ్ళు వెళ్ళేదాన్నని ఇంకొకావిడ. గుమ్మంలో నిలబడ్డ సగిన్ గుల్‌సరా కంటపడ్డాడు.

"మీరూ మాస్టారే కదా అన్నగారూ. వెళ్ళొద్దని రచయిత అన్నాడా?"

సగిన్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"అనలేదు," అన్నాడు చివరికి. "అనడానికి భయం. ఆమె లేని ఇంట్లో వాడు ఏనాడూ ఉండలేదు."

ఎవరూ నవ్వలేదు. గుల్‌సరా బోర్డు మీద 'చెప్పలేదు' అని రాసింది.

దారంతా మంచు కరిగిన బురద. రాసింది నేనేనని ఎప్పుడు కనిపెట్టావని సగిన్ మెల్లగా అడిగాడు.

"మొదటి వాక్యంలోనే. ఇంత చుట్టు తిప్పి చెప్పేవాడు ఇంకెక్కడైనా ఉంటాడా?"

"మరి క్లాసుకెందుకు పట్టుకెళ్ళావు?"

"ఇంట్లో అడిగితే నువ్వు చెప్పవుగా."

ఇప్పుడు వద్దంటే ఆగుతావా అన్నాడు సగిన్, బురదకేసి చూస్తూ. బురుల్ అతని చెయ్యి పట్టుకుంది.

"నోరు తెరిచి అడిగుంటే ఆలోచించేదాన్నేమో. పరీక్ష పెట్టావు కదయ్యా, ఇక పాసవ్వక తప్పుతుందా?"

పాసైంది, వెళ్ళింది. పెట్టె మోసుకుంటూ బస్సు దాకా సగినే సాగనంపాడు. ఆ రచయితవి ఇంకేమైనా వ్యాసాలున్నాయా అని గుల్‌సరా పంతులమ్మ బజారులో కనబడ్డప్పుడల్లా అతన్ని అడుగుతూనే ఉంది.