అంచులు కోసిన ఓడ

ఓడ టికెట్ల బుకింగుకు ఆఖరు రోజైన ఆ ఉదయం బైండింగ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు భార్యను వెంటబెట్టుకుని టికెట్ల ఆఫీసుకు వెళ్లాలి, ఒక ఫారం నింపాలి, పదిన్నరకల్లా దుకాణం తెరిచి లైబ్రరీవాళ్ల నిఘంటువులకు అట్టలు వేయాలి. ఫారం మీద సంతకం పెడితే చాలు, మిగతా సంగతి సముద్రం చూసుకుంటుందని ఆయన నమ్మకం.

ఆయన భార్య ఇరవై ఎనిమిదేళ్లు బడిలో భూగోళం చెప్పింది. కర్ర చివరతో మహాసముద్రాలన్నీ చూపించింది గాని ఒక్కదాంట్లోనూ పాదం తడిపింది లేదు. నాలుగువైపులా ఒడ్డు కనపడని చోట నిలబడి, ఒక్కసారి చుట్టూ తిరిగి చూడాలని ఆవిడ కోరిక. మూడుసార్లు ప్రయాణం అనుకున్నారు. మూడుసార్లూ ఏదో అర్జెంటు బైండింగు అడ్డొచ్చింది. పోయిన నెల రిటైరైన రోజు ఆవిడ ఇంటికొచ్చి, చేతులకంటిన సుద్దపొడి కడుక్కుంటూ, "ఈసారి కూడా కుదరకపోతే ఇంక అడగనులెండి" అంది. కోపంగా అని ఉంటే మాస్టారు పట్టించుకునేవారు కాదు. మామూలుగా అంది. దాంతో ఆయన గుండెల్లో రాయి పడింది.

రిటైరైన మర్నాడే ఇద్దరూ మొదటిసారి టికెట్ల ఆఫీసుకు వెళ్లారు. ఉద్యోగంలో చేరి మూడు వారాలైన అమ్మాయి నేర్చుకున్న పాఠం అప్పజెప్పింది.

"ముందు కంపెనీ చూసుకోండి మేడమ్, తర్వాత ఓడ. కంపెనీ అంటే ఇంటిపేరు, ఓడ అంటే మనిషి. ఒక ఇంటివాళ్లు సందడి మనుషులు, ఇంకో ఇంటివాళ్లు నెమ్మది. భోజనానికి కోటేసుకు రమ్మనేవాళ్లున్నారు, లుంగీతో వచ్చినా ఏమీ అననివాళ్లున్నారు. మళ్లీ ఒకే ఇంట్లో అన్నదమ్ములు మాత్రం ఒకలా ఉంటారా? అందుకని ఓడ పేరు కూడా చూసుకోవాలి." అని ఆరు కంపెనీల రంగురంగుల పుస్తకాలు చేతిలో పెట్టింది. ఈ సీజనుకు బుకింగ్ ఆఖరు తేదీ కూడా చెప్పింది.

ఆ ఆరు పుస్తకాలూ వారం తిరక్కుండా ఇల్లంతా పరుచుకున్నాయి. ఒకటి దిండు కింద, ఒకటి పొయ్యి పక్కన. పిన్నులూడి కాగితాలు విడిపోయాయి. విడికాగితాలు కనపడితే మాస్టారికి చేతులు దురద. భార్యకు రిటైర్మెంటు కానుకగా ఉంటుందని, వాటన్నిటినీ దుకాణానికి పట్టుకెళ్లి ఒక్క పుస్తకంగా కుట్టేశారు. ధరల పట్టికలు చూడ్డానికి బాగాలేవని తీసేశారు. మిగిలినవి రంగుల వరస చూసి, తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా రోజు గడిచినట్టు పేర్చారు. తర్వాత కటింగ్ మిషన్లో పెట్టి మూడువైపులా అర అంగుళం కోశారు. కంపెనీ పేరూ ఓడ పేరూ ప్రతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండేవి. ఆరు కంపెనీలూ పద్నాలుగు ఓడలూ సన్నటి పేలికలై గోనెసంచిలోకి వెళ్లిపోయాయి. నీలం గుడ్డ అట్ట మీద మాస్టారు బంగారు అక్షరాలతో "సముద్రం" అని అద్ది, దూరంగా పెట్టి చూసుకుని మురిసిపోయారు.

ఆవిడకు అచ్చులో ఉన్నదంతా నిజం. పుస్తకం ఒకటైతే ఓడా ఒకటే. వారం రోజులు కిటికీ పక్కన కూర్చుని ఆవిడ ఆ ఓడలోనే కాపురం పెట్టింది. పొద్దున అద్దాల కప్పు కింద తోటలో నడిచేది. మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని లైబ్రరీలో పై అరలోంచి పుస్తకం దించుకునేది. సాయంత్రం ఎవరో ముసలాయన ఫిడేలు వాయిస్తుంటే, ఉప్పుగాలికి కొంగు ఎగురుతుంటే, రెయిలింగు పట్టుకుని నిలబడేది. కూర మాడిన వాసన వచ్చినప్పుడు మాత్రం ఒడ్డుకు వచ్చేది. ఆ ముఖం చూస్తూ మాస్టారు ఏ ఓడ ఎంచుకున్నావని అడగడం మరిచిపోయారు.

ఆ పుస్తకం ఆవిడ అక్కా, మాస్టారి తోడల్లుడూ చూశారు. అక్కకు పిల్లల గోల లేని ఓడ కావాలి. ముప్పయ్యో పేజీలో దొరికింది. తోడల్లుడికి నీళ్లలో జారే జారుడుబల్ల కావాలి. అరవయ్యో పేజీలో మూడంతస్తులది దొరికింది. "మేమూ వస్తాం" అన్నారిద్దరూ. అలా ఆఖరు తేదీ ఉదయం నలుగురూ ఆఫీసులో దిగారు. పన్నెండుకు బుకింగ్ మూసేస్తారు.

"ఏ ఓడ అనుకున్నారు మేడమ్?" అంది అమ్మాయి.

"ఇదేనమ్మా" అని టీచరమ్మ పుస్తకం బల్ల మీద పెట్టింది.

అమ్మాయి పేజీలు తిప్పింది. పేర్లు లేకపోతే ఓడలన్నీ ఆమెకు తెల్లగానే కనపడతాయి. "ఇది మా దగ్గర లేదండీ" అంది బెరుగ్గా.

"లేకపోవడమేంటి! పెద్దవాళ్లకోసం దాచిపెట్టారా?" అన్నాడు తోడల్లుడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఆయన.

మాస్టారికి అప్పుడు తట్టింది. "అది కాదు, ఆ అంచులు..." అన్నారు.

"మీరుండండి మాస్టారూ, మెత్తగా మాట్లాడితే పనులు కావు" అని తోడల్లుడు మేనేజర్ని పిలిచాడు.

మేనేజరు వచ్చి అట్ట నిమిరి చూశాడు. గుడ్డ, బంగారు అక్షరాలు, తీరైన కుట్టు. ఇంత ఖరీదైన పుస్తకం వేసిన కంపెనీ తనకు చెప్పలేదని ఆయనకు కోపం వచ్చింది. పెద్దాఫీసుకు ఫోన్ చేశాడు. "కొత్త ఓడ వచ్చిందట, మాకొక్క ముక్క చెప్పరేం? కస్టమర్లు పుస్తకాలు పట్టుకొచ్చి నిలదీస్తున్నారిక్కడ!" పెద్దాఫీసులో ఎవరికీ తెలియదు, తెలియదని ఒప్పుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. "త్వరలో వివరాలు పంపుతాం, ఈలోగా ఆసక్తి ఉన్నవాళ్ల పేర్లు రాసుకోండి" అన్నారు.

అంతే, చిలికి చిలికి గాలివాన అయింది. వెనక వరసలో ఉన్నవాళ్లు పుస్తకం మీదికి వంగారు. కొత్తగా పెళ్లైన జంట తమ ఫారం వెనక్కి తీసుకుంది. ఒక పళ్ల డాక్టరు "నాకూ ఇదే" అన్నాడు. తోడల్లుడు జాబితాలో మొదటి పేరు తనది రాయించి, మిగతావాళ్లను వరసలో నిలబెట్టే పని తనే పెట్టుకున్నాడు. గోడ మీద గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

మాస్టారు భార్య వంక చూశారు. ఆవిడ ఎవరికో పేజీ తీసి చూపిస్తూ, "ఈ మెట్లెక్కితే లైబ్రరీ అండీ" అని సొంత ఇల్లు చూపించినట్టు చెబుతోంది. ఇప్పుడు నిజం చెబితే ఓడ మునిగిపోతుంది. చెప్పకపోతే ప్రయాణమే ఉండదు. ఆయన కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో అనేశారు.

"ఆ ఓడ ఎక్కడా లేదు. నేనే కుట్టాను. పద్నాలుగు ఓడలు కలిపి కుట్టాను. పేర్లు కోసేశాను."

టీచరమ్మ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. అది చూడలేక మాస్టారు అవతలి వీధిలోని దుకాణానికి పరుగెత్తి, గోనెసంచి భుజాన వేసుకొచ్చారు. అందులోంచి పేలికలు తీసి ఒక్కొక్క పేజీ అంచుకూ ఆనించడం మొదలుపెట్టారు. తన చేత్తో కోసిన కాగితం ఆయన వేళ్లకు తెలుసు. అద్దాల తోట మూడువేల మంది ఎక్కే ఓడది. లైబ్రరీ కోటేసుకోమనే కంపెనీది. జారుడుబల్ల ఉన్న ఓడ నిండా పిల్లలే. ఫిడేలు ముసలాయన ఆరునెలల కిందటే మానేశాడట, అమ్మాయి ఫోన్లో కనుక్కుంది.

"ఇన్నిటిలో ఒక్క పేజీ చెప్పు. అది ఏ ఓడదో చూసి అదే ఎక్కుదాం" అన్నారు మాస్టారు చెమట తుడుచుకుంటూ. పన్నెండుకు పదినిమిషాలుంది.

ఆవిడ పేజీలన్నీ తిరగేసింది. చివరికి మొట్టమొదటి కాగితం దగ్గర ఆగింది. అందులో ఓడ లేదు, మనుషులు లేరు. నీలం మీద నీలం, మధ్యమధ్య నురగలాంటి తెలుపు. "ఇది" అంది. "నేను రోజూ ఇక్కడ మొదలుపెట్టి లోపలికి వెళ్లేదాన్ని."

మాస్టారు పేలికలన్నీ వెతికారు. దేనికీ అతకలేదు. మెల్లిగా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అది... అట్టకీ పుస్తకానికీ మధ్య అతికించే కాగితమే. తొట్టిలో నీళ్ల మీద రంగులు వదిలి నేనే అద్దాను. నీకు నీలం ఇష్టమని."

టీచరమ్మ ఆయన్ని చూసింది. తర్వాత ఆయన గోళ్లను చూసింది. వారం నుంచీ అవి నీలంగా ఎందుకున్నాయో ఇప్పుడర్థమైంది. ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అమ్మాయ్, ఇద్దరికి చోటున్న ఓడ ఏదైనా ఉందా?"

"ఒక్కటే మిగిలింది మేడమ్. చిన్నది, పాతది. ఆ కంపెనీకి ఉన్నదే ఆ ఒక్క ఓడ. లైబ్రరీ అంటే ఒక బీరువా. గదిలో కిటికీ కంచమంత ఉంటుంది. డెక్కు మీద నిలబడితే మాత్రం చుట్టూ నీళ్లే."

"అదే రాయి."

మూడు వారాల తర్వాత ఒక పొద్దున ఆవిడ ఆ డెక్కు మీద నిలబడి, నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. ఎటు చూసినా ఒడ్డు లేదు. మళ్లీ ఇంకో చుట్టు తిరిగింది. పుస్తకం మొదటి కాగితం తెరిచి నీళ్ల పక్కన పట్టుకుని చూసి, "మీ నీలం రవ్వ ఎక్కువైందండీ" అంది. మాస్టారు తప్పు ఒప్పుకున్నారు.

తోడల్లుడు మాత్రం ఈ చిన్న ఓడలకు మోసపోయే రకం కాదు. పెద్దాఫీసు ఇంకా వివరాలు పంపని ఆ పెద్ద ఓడ జాబితాలో ఇప్పటికి నలభై ఒక్క పేర్లున్నాయి, మొదటి పేరు ఇంకా ఆయనదే.