అడిగితే ఇచ్చేసే పిల్ల

మా చిన్నదానికి ఒక తీవ్రమైన లోపం ఉన్నట్టు గత నెలలో ఒక శనివారం ఉదయం ఏడున్నరకు ఫుట్‌బాల్ మైదానంలో అధికారికంగా నిర్ధారణ అయింది. అడిగినవాళ్లకల్లా బంతి ఇచ్చేస్తోంది.

దానికి ఐదున్నరేళ్లు. మిగతా పిల్లల్లో ఏ లోపమూ లేదు. గోల్‌కీపర్ మైదానానికి వీపు పెట్టి చీమలను లెక్కపెడుతున్నాడు. ఒక చిన్నవాడు బూటులోంచి గులకరాయి తీసి, చూసి, భద్రంగా మళ్లీ అందులోనే వేసుకున్నాడు. తల్లిదండ్రులం మాత్రం తాడు వెనకే నిలబడాలన్న నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తూ, తాడును ముందుకు జరుపుకుంటూ వచ్చాం.

కోచ్ నన్ను పక్కకు పిలిచాడు. "పోటీ ప్రపంచం సార్ ఇది! ఇవాళ బంతి ఇచ్చే పిల్ల, రేపు ఇంకేమేం ఇచ్చేస్తుందో ఊహించుకోండి! మార్చుకోకపోతే వచ్చే ఆదివారం మ్యాచ్‌లో ఆడించలేను."

మా చిన్నది అప్పటికే నాలుగు రోజులుగా జెర్సీతోనే నిద్రపోతోంది.

ఆ సాయంత్రమే మా హాల్లో, ఎవరడిగినా ఇవ్వకూడదన్న శిక్షణ మొదలుపెట్టాను. "బంగారం కదూ, ఒక్కసారి బంతి ఇవ్వమ్మా" అన్నాను. బంతితోపాటు చేతిలో ఉన్న సగం బిస్కెట్ కూడా ఇచ్చింది. పరిస్థితి అంత విషమంగా ఉంది. మూడో రోజుకు ఆలోచించి ఇచ్చింది. ఐదో రోజు వాళ్ల నానమ్మ కళ్లజోడు అందుకుని, ఎంత బతిమాలినా ఇవ్వలేదు. ఇల్లంతా సంబరం. ఆ ఆనందంలో మా అమ్మ మనవరాలనుకుని దిండును ముద్దు పెట్టుకుంది.

ఆదివారం మ్యాచ్‌లో మూడో నిమిషానికి బంతి దాని దగ్గరికి వచ్చింది. రెండు చేతులా ఎత్తుకుని, ఒళ్లో పెట్టుకుని, మైదానం నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రిఫరీ ఈల వేశాడు. తర్వాత బతిమాలాడు. అవతలి జట్టు కెప్టెన్ ఏడ్చాడు. "ఇప్పుడు ఇవ్వొచ్చు తల్లీ!" అని కోచ్ చేతులు జోడించాడు. చివరికి నేనే తాడు దాటి వెళ్లాను.

"బంగారం కదూ, ఇచ్చెయ్యమ్మా."

"ఇవ్వను. నువ్వు రోజూ ఇలాగే అడుగుతావుగా నాన్నా!"

ఉన్న రెండో బంతి ఎప్పుడో మైదానం పక్కనున్న సామాన్ల గది కప్పు మీద పడి అక్కడే ఉంది. నలభై నిమిషాలు చూసి మ్యాచ్ డ్రా అని ప్రకటించారు. మా జట్టు ఓడిపోకుండా బయటపడటం ఇదే మొదటిసారి.

తల్లిదండ్రులందరూ నా చుట్టూ మూగారు. సిగ్గుతో తల వంచుకున్నాను, తిట్టండి అన్నట్టుగా. ఏడ్చిన కెప్టెన్ తండ్రి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పాపకు ఎవరు నేర్పారండీ?"

"నేనే" అన్నాను భయంభయంగా.

"వారానికి రెండు రోజులు మావాడికీ చెప్పగలరా? మరీ మంచివాడైపోతున్నాడు. మాకు నిద్ర పట్టట్లేదు."

ప్రస్తుతం మా హాల్లో రెండు బ్యాచ్‌లు నడుస్తున్నాయి. మీ పిల్లలు కూడా అడగ్గానే ఇచ్చేసే రకమైతే త్వరపడండి. ఏడేళ్లు దాటితే చేర్చుకోవడం లేదు, ఆ వయసుకల్లా మిమ్మల్ని చూసి వాళ్లే నేర్చుకుంటున్నారు.