మా అత్త తిరిగి వస్తుందనడానికి రుజువులు

మా అత్త ఇస్త్రీ చేస్తోంది. నాన్న ఆఫీసు చొక్కాలు అయిపోయాయి. తమ్ముడి ప్యాంట్లు అయిపోయాయి. ఇప్పుడు పెట్టె కింద ఉన్నది ఆవిడ వీసా దరఖాస్తు. తమ్ముడు ప్రింటు తీయించి, బ్యాగులో టిఫిన్ డబ్బా కింద కుక్కుకుని తెచ్చాడు. అత్త దాని మీద పల్చటి గుడ్డ పరిచి, వేడి తగ్గించి, మూలల నుంచి మధ్యకు మెల్లగా తోస్తూ ముడతలు తీస్తోంది.

అది చూస్తుండగానే నాకు జ్ఞానోదయమైంది. పాఠకులారా, వీసా నిబంధనలు ఇప్పుడున్నవి చాలవు! ఇంకా పెంచాలి!

కోపం తెచ్చుకోకండి. చెవులు కనిపించేలా ఫోటో, నవ్వకుండా ఫోటో, బ్యాంకు స్టేట్‌మెంటు, వేలిముద్రలు, పిలిచినవాళ్ళ ఉత్తరం, పోయి మళ్ళీ వస్తామనే హామీ... ఇవన్నీ వేధింపులని వాపోయేవాళ్ళు వీసా ఆఫీసు మన కుటుంబాలకు చేస్తున్న సేవను ఏనాడూ గమనించలేదు.

ఇంట్లో మనిషికి 'వద్దు' అని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియదా? ముఖం మాడుతుంది, మాటామాటా పెరుగుతుంది, ఆ పూట కూరలో ఉప్పు తప్పుతుంది. అదే 'వీసా వస్తే తప్పకుండా వెళ్ళు' అని చూడండి. ఔనన్న పుణ్యం మనది, కాదన్న పాపం ఆఫీసరుది. ఇంతకంటే సుఖం ఉందా?

మా అత్త విషయంలో సరిగ్గా అదే జరిగింది. ఆవిడ నాన్నకు అక్క. అమ్మకు వదిన. నాకూ తమ్ముడికీ మేనత్త. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే తీరిక లేదంటుంది. ఇంటి పనంతా అయ్యాక, వసారాలో కుట్టుమిషన్ ముందు కూర్చుని నాలుగిళ్ళ వాళ్ళ పర్దాలకు అంచులు కుట్టేది. దాన్ని ఆవిడ విశ్రాంతి అనేది.

ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు ఒకామె సముద్రాల అవతల రొట్టెల దుకాణం నడుపుతోంది. ఆమె దగ్గర్నుంచి ఒకరోజు ఉత్తరం వచ్చింది. ఒక నెల వచ్చి ఉండమని, టికెట్టు తానే పంపుతానని. చివర ఇలా ఉంది: 'నువ్వేమీ చేయొద్దు. వచ్చి కూర్చో.'

అత్త ఆ ఉత్తరాన్ని పైకి చదివింది. ఇంట్లో కరెంటు పోయినంత నిశ్శబ్దం. ఒక నెల! అమ్మ గ్యాసు పొయ్యి వైపు చూసింది. తమ్ముడు తన సాక్సుల వైపు చూసుకున్నాడు. నాన్న మాత్రం చలించలేదు. ఆయన ఆఫీసులో సూపరింటెండెంటు, ఇలాంటి ఫైళ్ళు ఎన్నో చూశాడు. గొంతు సవరించుకుని, "తప్పకుండా వెళ్ళక్కా," అన్నాడు. ఒక క్షణం ఆగి, "వీసా వస్తే," అన్నాడు.

ఇంట్లో మళ్ళీ గాలి ఆడింది.

దరఖాస్తు నింపే బాధ్యత నా మీద పడింది. అందులో ప్రశ్నలు ఎంత లోతైనవో! 'ప్రయాణ కారణం' అన్నచోట అత్త 'కూర్చోవడం' అని రాయించింది. నాన్న దాన్ని కొట్టేసి 'పర్యాటకం' అని రాశాడు. 'ఎప్పుడైనా ప్రభుత్వాన్ని కూలదోసే ప్రయత్నం చేశారా' అని ఇంకో ప్రశ్న. అత్త కాసేపు ఆలోచించి, "ఏ ప్రభుత్వాన్ని?" అంది. నేను 'లేదు' అన్నచోట టిక్కు పెట్టాను.

ఇక వేలిముద్రలు. వీసా కేంద్రంలో ఉన్న అమ్మాయి అత్త వేళ్ళను అద్దం మీద పెట్టించి చూసింది, తుడిచి చూసింది, తన చేతులతో అదిమి చూసింది. మిషన్ ఒప్పుకోలేదు. గీతలు అరిగిపోయాయట. సూది కొంత తిన్నది, గిన్నెల పీచు మిగతాది తిన్నది. కొన్నాళ్ళు నీళ్ళలో చేతులు పెట్టకుండా, రాత్రిపూట క్రీము రాసుకుని మళ్ళీ రమ్మంది ఆ అమ్మాయి.

చూశారా! మా అత్తకు సెలవు ఇవ్వాలని మాకెవరికీ ఇంతవరకూ తోచలేదు. డాక్టరుకూ తోచలేదు. ఒక వీసా మిషన్‌కు తోచింది! ఆ కొన్నాళ్ళూ అమ్మ గిన్నెలు తోమింది, తమ్ముడు తుడిచాడు, నేను పర్యవేక్షించాను. అత్త ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఆ చేతులు ఎవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చుంది. గీతలు తిరిగొచ్చాయి. మళ్ళీ వెళ్ళి ముద్రలు వేసొచ్చిన సాయంత్రమే గిన్నెలు పాత పద్ధతికి వచ్చేశాయనుకోండి, అది వేరే సంగతి.

అసలైన కాగితం మిగిలింది. తిరిగి వస్తారని హామీ. ఆస్తి ఉందా? లేదు. ఉద్యోగం ఉందా? లేదు. భర్త, పిల్లలు? లేరు. ఇల్లు ఆవిడ పేరు మీద ఉందా? నాన్న పేరు మీద ఉంది. ఆవిడ పేరు మీద ఉన్నది రేషన్ కార్డులో ఒక లైను మాత్రమే.

నాన్న నవ్వేశాడు. "మేమంతా లేమా? మేమే హామీ," అన్నాడు. తలా ఒక ఉత్తరం రాయాలని తీర్మానమైంది. మా కుటుంబంలో ఇంత ప్రేమ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. నాన్న రాశాడు: 'మా అక్క లేనిదే నా బి.పి. మాత్రల వేళ ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు కనుక ఆమె తప్పక తిరిగి రాగలదు.' అమ్మ రాసింది: 'పాలు విరగకుండా కాచడం, పనిమనిషి మానేసినప్పుడల్లా ఆ లోటు తెలియకుండా చూడడం మా వదినకే చేతనవును.' తమ్ముడు పాపం చిన్న ఉత్తరం రాశాడు: 'పొద్దున నన్ను లేపేది అత్తే.' నేను నా బొత్తాలు, నా టీ, నాకు జ్వరమొస్తే తడిగుడ్డ వేసే చేతుల గురించి నిండా రెండు పేజీలు రాశాను. అన్నింటికీ నోటరీ స్టాంపు వేయించాం. ప్రపంచంలో ఏ దరఖాస్తుకైనా ఇంత గట్టి రుజువులు ఉంటాయా?

వీసా తిరస్కరించారు.

అచ్చు కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపారు. అందులో 'మీరు తిరిగి వెళతారన్న నమ్మకం మాకు కలగలేదు' అన్న వాక్యం పక్కన టిక్కు. ఆ సాయంత్రం అత్త బీన్స్ తుంచుతూ ఇంటర్వ్యూలో జరిగింది చెప్పింది. అద్దం వెనక ఆఫీసరు మర్యాదస్తుడట. మా ఉత్తరాలన్నీ తెప్పించుకుని చదివాడట. పక్కనున్న ఒకమ్మాయి ఆయన మాటలు మన భాషలో చెప్పిందట.

"'ఆ ఇంటికి మీరెందుకు కావాలో వీళ్ళు చాలా బాగా రాశారు. మీకు ఆ ఇల్లు ఎందుకు కావాలో రాసిన కాగితం ఏది?' అని అడిగాడు," అంది అత్త.

"నువ్వేమన్నావు?" అన్నాను.

"ఆలోచిస్తున్నానండీ అన్నాను. పాపం కాసేపు ఆగాడు. వెనకాల క్యూ ఉందిగా మరి."

ఆవిడ మిగతా బీన్స్ కూడా తుంచేసింది.

నిజానికి ఇక్కడితో మా కథ సుఖాంతం కావాలి. పుణ్యం మాకు దక్కింది, పాపం ఆఫీసరుకు చుట్టుకుంది, అత్త ఇంట్లోనే ఉంది. కానీ నాన్నకు రోషం వచ్చింది! ఒక పరాయివాడు అద్దం వెనక కూర్చుని, 'నీ ఇల్లు నీ అక్కను పట్టి ఉంచలేదు' అని టిక్కు పెట్టి చెబుతాడా? ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు తేల్చేశాడు. "తప్పు మనదే. వాడికి కావలసింది ప్రేమ కాదు, పత్రం. ఉద్యోగమొకటి, ఇల్లొకటి అక్క పేరు మీద చూపిద్దాం. కాగితం మీద ఉంటే చాలు."

మెయిన్ రోడ్డులో పర్దాల కొట్టు నడిపే ఆవిడ ఎన్నేళ్ళ నుంచో అత్తను పనికి రమ్మని అడుగుతోంది. నాన్న స్వయంగా వెళ్ళి మాట్లాడాడు. ఉద్యోగ పత్రం తనే టైపు చేశాడు. కొట్టు పైనున్న ఖాళీ గదికి అద్దె ఒప్పందం కూడా తనే రాశాడు. 'ఒక గది, తూర్పు వైపు ఒక కిటికీ, సదరు గది తాళంచెవి సదరు మహిళ వద్దనే ఉండును' అని రాసి, దాని కింద గీత గీశాడు. అలాంటి డ్రాఫ్టు తన సర్వీసులోనే రాయలేదన్నాడు.

"తనిఖీకి వస్తారేమో," అంది అత్త.

మా ఇంట్లో ఆవిడ లేవనెత్తిన మొదటి అభ్యంతరం అది. నాన్న మెచ్చుకున్నాడు. వస్తారు మరి! రావచ్చు! అందుకని అత్త కొట్టుకు నిజంగానే వెళ్ళడం మొదలుపెట్టింది. తనిఖీదారుకు మిషన్ కనబడాలి కదా అని నాన్నా తమ్ముడూ కుట్టుమిషన్ మోసుకెళ్ళి ఆ గదిలో పెట్టొచ్చారు. దండెం ఖాళీగా ఉంటే అనుమానిస్తారని అత్త బట్టలు వెళ్ళాయి. మడత నలగని పక్క చూస్తే ఎంత మొద్దు ఆఫీసరుకైనా అర్థమైపోతుందని ఆవిడ అక్కడే పడుకోసాగింది.

"చూడండర్రా, అక్క ఎంత పకడ్బందీగా చేస్తోందో," అని నాన్న మాకు ఆదర్శంగా చూపించాడు.

తనిఖీకి ఎవరూ రాలేదు. రెండోసారి ఇంటర్వ్యూలో అదే ఆఫీసరు అదే ప్రశ్న అడిగాడట, ఎందుకు తిరిగి వస్తారని. ఈసారి అత్త ఆలోచించలేదట. "పర్దాలు సగంలో ఉన్నాయండీ. పొద్దున్నే కిటికీలోంచి మిషన్ మీదికి ఎండ వస్తుంది. అది వదులుకుని ఎక్కడుంటాను," అందట.

నాన్న పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "ఎంత బాగా నటించావక్కా!" అన్నాడు. అత్త కూడా కొంచెం నవ్వింది. వీసా వచ్చేసింది.

ఆవిడ వెళ్ళిన నెలా మేమెలా ఉన్నామో వర్ణించి మీ మనసు పాడుచేయను. నాన్న మాత్రలు ఆయనే వేసుకోవలసి వచ్చింది. అక్కడి నుంచి ఒకే ఒక ఫోటో వచ్చింది. రొట్టెల దుకాణం ముందు కుర్చీలో అత్త. అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి చూసింది. "ఏం చేస్తోంది?" అంది. "కూర్చుంది," అన్నాను. అమ్మ ఇంకా చాలాసేపు చూసింది.

అన్న మాట ప్రకారం, వీసా గడువుకు ముందే అత్త తిరిగి వచ్చింది. మేమంతా కారు కట్టించుకుని ఎదురు వెళ్ళాం. మెయిన్ రోడ్డులోకి రాగానే ఆవిడ డ్రైవర్ని పర్దాల కొట్టు ముందు ఆపమంది. పెట్టె దింపుకుంది. ఇంకా తనిఖీ భయం పోలేదేమోనని మేము జాలిపడ్డాం. నాలుగు నెలలయింది. ఇంకా పోలేదు!

కాబట్టి పాఠకులారా, నా మొదటి మాటకే నేను కట్టుబడి ఉన్నాను. నిబంధనలు చాలవు! మనిషి దేశానికి తిరిగి వస్తుందా లేదా అన్నదే వాళ్ళు చూస్తారు. ఏ ఇంటికి వస్తుందన్నది ఎవరికీ పట్టదు. సముద్రం దాటాలంటే ఇన్ని కాగితాలు అడిగే లోకం, మా గుమ్మం దాటి మెయిన్ రోడ్డుకు నడిచిపోయే మనిషిని ఏమీ అడగదా? ఫోటో లేదు, వేలిముద్ర లేదు, హామీ లేదు! ప్రతి వీధి మొదట్లో ఒక వీసా ఆఫీసు ఎందుకు పెట్టరు? అద్దం వెనక ఒక్క ఆఫీసరు ఉంటే చాలు. 'వద్దు' అనే మాట మా నోటితో అనలేం కదా. మేము మంచివాళ్ళం.

మొన్న ఆదివారం అత్త వచ్చింది. ఆదివారాలు వస్తుంది, ఏదో ఒకటి తెస్తుంది. ఈసారి వంటగది కిటికీకి కొత్త పర్దా తెచ్చి, తనే స్టూలెక్కి తగిలించింది. తర్వాత మాతోపాటు కూర్చుని కాఫీ తాగింది. అమ్మ పనిమనిషి మళ్ళీ మానేసిందని చెప్పింది. తమ్ముడు ఆఫీసుకు రోజూ ఆలస్యమవుతోందని చెప్పాడు. అత్త అన్నీ విన్నది.

నాన్న కప్పు కింద పెట్టాడు. ఈసారి ఆయన గొంతు సూపరింటెండెంటు గొంతులా లేదు.

"వీసా పని అయిపోయిందిగా అక్కా. ఇంటికి వచ్చెయ్యరాదూ," అన్నాడు.

అత్త ఆయన ముఖంలోకి చూసింది. చాలా ప్రేమగానే చూసింది. లేచి వంటగదిలోకి వెళ్ళింది. సింకు నిండా గిన్నెలు. వాటి మీద తన కప్పు పెట్టబోయి, ఆగి, ఆ ఒక్క కప్పునే కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, గేటు తీసుకుని వెళ్ళిపోయింది.